పొద్దున పాజిటివ్, రాత్రి నెగెటివ్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫైలేరియా పరీక్షల మీదే ఉన్నాయి, అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి వీటితోనే కానిచ్చేద్దాం. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. నేను డాక్టర్ని కాదు, ముప్పై ఏళ్లు మైక్రోస్కోప్ ముందు కూర్చుని రక్తపూతలు చూసినవాణ్ణి. మందు ఏది, ఎంత అనేది మీ డాక్టరుగారే చెప్పాలి. పరీక్ష స్ట్రిప్ మీద వచ్చిన గీతకి అర్థమేంటో, ఎంతవరకు నమ్మాలో నేను చెప్పగలను.

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లండి. బళ్లో వేలు గుచ్చి ఒక స్ట్రిప్ మీద రక్తం వేసి చూస్తే రెండు గీతలొచ్చాయి, ఫైలేరియా పాజిటివ్ అన్నారు. రెండు రోజులాగి రాత్రి పదింటికి ఇంటికొచ్చి మళ్లీ రక్తం తీసుకెళ్లారు, అందులో ఏమీ లేదన్నారు. వాడికి వాపు లేదు, జ్వరం లేదు, వీధంతా పరుగులే. ఏ టెస్టు నమ్మాలి? టెన్షన్‌తో నాకు నిద్ర పట్టట్లేదు.
— ఒక తల్లి, రాజోలు దగ్గర

జవాబు: రెండూ నమ్మొచ్చు తల్లీ. ఆ రెండు పరీక్షలూ వెతికేది ఒకదాన్నే అనుకోవడం వల్ల వచ్చిన కంగారు ఇది.

మన డెల్టాలో బోదకాలు తెచ్చే పురుగు పేరు ఉకరేరియా బాంక్రాఫ్టి. పెద్ద పురుగులు తెల్లటి దారప్పోగుల్లా ఉంటాయి, ఆడది ఎనిమిది, పది సెంటీమీటర్లుంటుంది, లింఫ్ నాళాల్లో (ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాల్లో) ఉండలు చుట్టుకుని ఏళ్ల తరబడి కాపురం చేస్తాయి. వాటి పిల్లలు పావు మిల్లీమీటరు పైచిలుకు, అవి రక్తంలోకి వచ్చి తిరుగుతుంటాయి. బళ్లో వాడిన స్ట్రిప్ పెద్ద పురుగులు రక్తంలోకి వదిలే యాంటిజెన్ అనే పదార్థాన్ని పడుతుంది, అది పగలైనా రాత్రైనా రక్తంలో ఉంటుంది కాబట్టి పొద్దున పదింటికి బళ్లో చేసినా ఫరవాలేదు. రాత్రి తీసిన రక్తపూతలో మేం చూసేది పిల్ల పురుగుల్ని. అవి పగలు ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లో నక్కి, రాత్రి పదింటి నుంచి రెండింటి మధ్య ఎక్కువగా బయటికొస్తాయి. దోమ కుట్టే వేళకి అవీ సిద్ధంగా ఉంటాయన్నమాట.

మరి పెద్ద పురుగుండి పిల్లలు లేకపోవడం ఎలా? ఒంట్లో చేరినవన్నీ ఆడవో, మగవో అయ్యుండొచ్చు, లేదా ఇంకా ఈడుకి రాలేదేమో (దోమ కుట్టాక పిల్లలు కనబడేసరికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది), లేదా ఊళ్లో పంచిన ఫైలేరియా మాత్రలు వాడు మింగితే పిల్ల పురుగులు చచ్చి పెద్దది మిగిలి ఉండొచ్చు. ఇవేవీ కాకుండా, చుక్కలో పడకుండా తప్పించుకున్నా తప్పించుకుంటాయి. పెద్ద మనిషి ఒంట్లో రక్తం ఐదు లీటర్లనుకుంటే మేం స్లైడు మీదకి తీసేది 20 మైక్రోలీటర్లు, అంటే రెండున్నర లక్షల్లో ఒక వంతు. ఇప్పుడు చాలాచోట్ల 60 మైక్రోలీటర్లు తీస్తున్నారు, అది నయం. చెరువులో ఒక చెంబు నీళ్లు ముంచి చేపల్లేవని చెప్పడం ఎంతో, పురుగులు తక్కువున్న మనిషికి ఒక్క స్లైడు చూసి లేవనడం అంతే.

పైగా స్లైడు తిప్పలు స్లైడువి. కొత్తగా చేరినప్పుడు ఒక లంక గ్రామంలో నలభై మందికి రాత్రి రక్తం తీశాం. టార్చి వెలుగులో తలుపులు కొట్టడం, కుక్కలు వెంటబడడం, నిద్రమొహాలతో "ఈ రక్తం ఎక్కడ అమ్ముకుంటారయ్యా" అని అడగడం, అన్నీ అయ్యి స్లైడ్లు బల్ల మీద ఆరబెట్టి పడుకున్నాం. తెల్లారి చూస్తే తొమ్మిదో పదో స్లైడ్ల మీద రక్తం అంచులు గీరేసినట్టున్నాయి, రెండింటి మీద అసలేమీ లేదు. బొద్దింకలు తినేశాయి. ఆ పదిమంది ఇళ్లకీ మర్నాడు రాత్రి మళ్లీ వెళ్లాం, వాళ్లు మమ్మల్ని ఏమన్నారో ఇక్కడ రాయలేను.

స్ట్రిప్‌కి ఆ బాధ లేదు గానీ దాని తిప్పలు దానికున్నాయి. సన్నటి గొట్టంతో కొలిచి 75 మైక్రోలీటర్ల రక్తం వెయ్యాలి, తక్కువేస్తే గీత రాకపోవచ్చు. సరిగ్గా పది నిమిషాలకి చూడాలి. ఆ పది నిమిషాల్లో వచ్చిన గీత పెన్సిల్‌తో గీసి చెరిపినంత లేతగా ఉన్నా పాజిటివే, ఇరవై నిమిషాలకి ఎంత ముదురుగా కనబడినా లెక్కలోకి రాదు. నేనే ఒకసారి స్ట్రిప్‌లు వరసగా పెట్టి టీ తాగొచ్చేసరికి ఆలస్యమైంది, వెళ్లేటప్పుడు ఒకే గీత ఉన్నవాటిలో మూడింటి మీద రెండో గీత కూర్చుంది. ముగ్గురికీ మళ్లీ గుచ్చి గడియారం పట్టుకుని చూస్తే ముగ్గురూ నెగెటివ్. అందుకని మీ బడికొచ్చినవాళ్లు గడియారం చూశారా అని అడగడంలో తప్పులేదు. వెంటనే ఇంకో స్ట్రిప్‌తో సరిచూసి ఉంటే మరీ మంచిది.

అది సరిగ్గానే చేశారనుకుందాం. అప్పుడు బాబు ఒంట్లో పెద్ద పురుగు ఉన్నట్టే లెక్క, రాత్రి స్లైడు నెగెటివ్ వచ్చింది గదా అని వదిలెయ్యకండి. డాక్టరుగారు బరువు చూసి డీఈసీ అనే ఫైలేరియా మాత్రలు రాస్తారు, అన్నం తిన్నాక మింగించండి. మింగాక ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడినా, తలనొప్పన్నా పురుగులు చావడం వల్లే, అయినా డాక్టరుగారి చెవిన వెయ్యండి. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించండి, ఆరేడేళ్ల పిల్లాడికి సోకిందంటే మీ వీధిలో ఈ మధ్య కూడా పురుగు తిరుగుతోందనేగా. బళ్లో ఆ వయసువాళ్లనే ఏరి చూసేదీ అందుకే. వాడివల్ల ఇప్పటికిప్పుడు ఎవరికీ రాదు, బడి మాన్పించొద్దు.

మందయ్యాక నెలకోసారి అదే స్ట్రిప్ చేయించి "ఇంకా పాజిటివే" అని ఏడవొద్దు. మందు పనిచేసినా ఆ యాంటిజెన్ నెలలు, ఒక్కోసారి ఏళ్లు రక్తంలో ఉండిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి ఎడమ కాలు పన్నెండేళ్లుగా వాపు, ఏడాదికి మూడు నాలుగుసార్లు గజ్జల్లో బిళ్ల కట్టి చలిజ్వరం వస్తుంది. ఈమధ్య ఒక ల్యాబులో కార్డు టెస్టు రెండుసార్లు చేయిస్తే రెండుసార్లూ నెగెటివ్. బోదకాలు కాదని రాసిచ్చారు. మరి ఇదేంటి? రోజూ చేల్లో పని, చెప్పులు వేసుకోరు.
— ఒక పాఠకుడు, పాలకొల్లు మండలం

జవాబు: బోదకాలు కాదని ఆ కార్డు చూసి ఎవరూ రాసివ్వకూడదు. ఇది మా లైనులో రోజూ జరిగే తప్పు, అందుకే కాస్త కోపంగా రాస్తున్నాను, ఏమనుకోకండి.

చేను గట్టుకి పీత బొరియ పెట్టిందనుకోండి. పీత ఎప్పుడో పోయింది, బొరియలోంచి నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. గట్టు తవ్వి పీత లేదు కాబట్టి గండి లేదంటారా? బోదకాలులో జరిగేది అదే. పెద్ద పురుగులు లింఫ్ నాళాల్ని పాడుచేసి ఏళ్ల క్రితమే చచ్చిపోయి ఉంటాయి. నాళం పాడైంది కాబట్టి నీరు కాల్లో నిలుస్తోంది. బళ్లో వాడే స్ట్రిప్ లాగే కార్డు చూసేది బతికున్న పురుగు గుర్తుల్ని, రాత్రి రక్తం చూసేది పిల్ల పురుగుల్ని, పాత వాపు ఉన్నవాళ్లలో చాలామందికి ఈ రెండూ నెగెటివే వస్తాయి. వాపు లేనివాళ్లలో పాజిటివ్‌లు దొరుకుతాయి, వాపున్నవాళ్లకి నెగెటివ్ వస్తుంది, కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతివాడూ ఇక్కడే తికమకపడతాడు.

కాబట్టి నాన్నగారి కాలు ఏమిటన్నది డాక్టరు కాలు చూసి, వేలితో నొక్కి, మీరు రాసిన ఆ జ్వరాల కథంతా అడిగి తేల్చాల్సిందే. ఒక కాలికే రావడం, గజ్జల్లో బిళ్లతో జ్వరాలు, మన ప్రాంతం, ఇవన్నీ ఫైలేరియా వైపే చూపిస్తున్నాయి. రెండు కాళ్లూ ఒకేసారి వాచినా, మొహం ఉబ్బినా, ఆయాసమున్నా గుండె, కిడ్నీలు చూపించాలి, అది వేరే దారి.

ఇప్పుడు టెస్టులకి పెట్టే డబ్బు సబ్బుకి, చెప్పులకి పెట్టండి. రోజూ రాత్రి కాలు సబ్బుతో కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో తడి లేకుండా ఒత్తి (గట్టిగా రుద్దకూడదు), పగుళ్లున్నా, సందులు ఒరిసినా డాక్టరు చెప్పిన ఆయింట్‌మెంటు రాసి, పడుకునేటప్పుడు కాలి కింద దిండు పెట్టుకుంటే ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి, ఎందుకంటే ఆ జ్వరాలు ఎక్కువగా ఆ పగుళ్లలోంచి దూరే బాక్టీరియా వల్ల వచ్చేవే. జ్వరం వచ్చిన రోజుల్లో కాలు పిసకొద్దు, కాపడం పెట్టొద్దు, ఆసుపత్రికి వెళ్లండి. ఆయన చెప్పులు వేసుకోనంటే ఊడ్పుల్లో కుదరదని నాకూ తెలుసు, గట్టు మీదకొచ్చాకైనా కాలు కడిగి వేసుకోమనండి.

ప్రశ్న: మాది భీమవరం. అమ్మాయికి హైదరాబాద్ సంబంధం కుదిరింది. గోదావరి నీళ్లు తాగినవాళ్లకి బోదకాలు వస్తుందట, టెస్టు చేయించండి అన్నారు మగపెళ్లివారు. చేయిస్తే 'ఫైలేరియా యాంటీబాడీ ఐజీజీ పాజిటివ్' అని వచ్చింది. అమ్మాయికి ఏ ఇబ్బందీ లేదు. ఈ రిపోర్టు వాళ్లకి చూపించాలా?
— ఒక తండ్రి

జవాబు: చూపించండి, పక్కన ఈ పేజీ కూడా పెట్టి చూపించండి.

మీరు చేయించింది యాంటిజెన్ పరీక్ష కాదండి. పేర్లు ఒకేలా వినబడతాయి, ల్యాబు కౌంటర్లో అడిగేవాళ్లకీ, రాసేవాళ్లకీ తేడా తెలియదు. యాంటిజెన్ అంటే పురుగు వదిలింది, యాంటీబాడీ అంటే మన ఒళ్లు పురుగుని చూసి తయారుచేసుకున్నది. దొంగ ఇంట్లో ఉన్నాడా అని చూడ్డం మొదటిది, ఎప్పుడైనా మీ వీధిలోకి దొంగొచ్చాడా అని అడగడం రెండోది. భీమవరంలో పుట్టి పెరిగిన మనిషిని ఎన్ని దోమలు కుట్టుంటాయో, అందులో ఒకటో రెండో పురుగు మోసుకొచ్చి దించినా అది ఒంట్లో నిలవకుండా చచ్చిపోయి ఉండొచ్చు, అయినా యాంటీబాడీ మాత్రం మిగిలిపోతుంది. ఇలాంటి కొన్ని పరీక్షలు వేరే పురుగులకి కూడా పాజిటివ్ చూపిస్తాయి. కాబట్టి అమ్మాయికి ఫైలేరియా ఉందని ఆ కాగితం చెప్పడం లేదు. మనసు ఒప్పకపోతే యాంటిజెన్ స్ట్రిప్, రాత్రి రక్తం రెండూ చేయించండి, అవి నెగెటివైతే ఇక ఆ సంగతి మర్చిపోండి.

ఆ రెండూ పాజిటివ్ వచ్చినా పెళ్లికి అడ్డమేంటో నాకర్థం కాదు. ముట్టుకుంటే రాదు, కాపురం చేస్తే రాదు, వంశపారంపర్యం కాదు. క్యూలెక్స్ దోమ రక్తంలోని పిల్ల పురుగుని పీల్చుకుని, దాని ఒంట్లో పది, పధ్నాలుగు రోజులు పెంచి, తర్వాత ఇంకొకర్ని కుడితేనే వస్తుంది. అదీ ఒకటి రెండు కాట్లకి కాదు, ఏళ్లపాటు కుట్టించుకుంటేగానీ జబ్బు ముదరదు. ఆ దోమ పుట్టేది మురుగ్గుంటల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో. అలాంటివి హైదరాబాద్‌లో లేవా ఏమిటి?

నీళ్ల సంగతికొస్తే, మగపెళ్లివారిని మరీ వెక్కిరించకండి. ఫైలేరియా పురుగు దోమలో పెరుగుతుందని 1877లో కనిపెట్టిన పాట్రిక్ మాన్సన్ అంతటివాడే, దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగితే జబ్బొస్తుంది అనుకున్నాడు. కుట్టడం వల్లే వస్తుందని 1900లో గానీ తేలలేదు. అంటే వాళ్లు నూట పాతికేళ్లు వెనకబడ్డారంతే.

ఇంకొక సంగతి వాళ్లకి తప్పకుండా చెప్పండి. ప్రపంచంలో చాలాచోట్ల ఈ జబ్బుకి మింగే డీఈసీ మాత్ర, మొదట్లో హెట్రజాన్ అనేవారు, 1940లలో అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల్లో తయారైంది. అక్కడ ఆ పరిశోధన నడిపించింది 1895లో మీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

టెస్టుల మీద ఒక చిన్న లెక్క కూడా చెప్పాలి, లేకపోతే ఇలాంటి ఉత్తరాలు ఆగవు. ఇవి నేను లెక్క కోసం వేసుకున్న అంకెలు, ఏ కిట్టువీ కావు. వెయ్యి మందున్న ఊళ్లో పదిమందికే పురుగుందనుకోండి. టెస్టు ఆ పదిమందిలో తొమ్మిదిమందిని పడుతుంది, లేనివాళ్లలో నూటికి ఇద్దరికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. అంటే తొమ్మిది నిజం, ఇంచుమించు ఇరవై అబద్ధం. పాజిటివ్ వచ్చిన ముగ్గురిలో ఇద్దరికి ఏమీ లేదు! అదే టెస్టు రెండొందల మందికి పురుగున్న ఊళ్లో చేస్తే నూట ఎనభై నిజం, పదహారు అబద్ధం. టెస్టు మారలేదు, ఊరు మారింది. ల్యాబువాళ్లు గోడ మీద రాసే 'తొంభై ఎనిమిది శాతం కచ్చితం' మీకు వర్తించాలంటే మీ వీధిలో జబ్బెంతుందో కూడా తెలియాలి. ఏళ్ల తరబడి మాత్రలు పంచి జబ్బు తగ్గించుకున్న కొద్దీ ఒంటరి పాజిటివ్‌ని మళ్లీ సరిచూసుకోవడం ఎక్కువవుతుంది, అది మంచి సంగతే.

ప్రశ్న: నేను రంపచోడవరం వైపు టీచర్ని, ఇల్లు రాజమండ్రి. నెల క్రితం మలేరియా వచ్చి కోర్సు పూర్తిగా వాడాను. మళ్లీ జ్వరం వస్తే కార్డు టెస్టులో ఫాల్సిపారం పాజిటివ్ వచ్చింది. మందు పనిచేయలేదా?

జవాబు: ఆ కార్డు ఒక్కదాన్ని పట్టుకుని అలా అనలేం మాస్టారూ. ఫాల్సిపారం అంటే మలేరియాలో ప్రమాదకరమైన రకం, దాని గీత చూసేది హెచ్ఆర్‌పీ2 అనే ప్రొటీన్ని, పరాన్నజీవి చచ్చాక కూడా అది వారాల తరబడి రక్తంలో ఉండిపోతుంది. ఫైలేరియా స్ట్రిప్ కథే ఇక్కడా. మీలాంటి వాళ్లకి రక్తపూత తీసి మైక్రోస్కోప్‌లో చూడాలి, పరాన్నజీవి కనబడితే మళ్లీ సోకిందో, తిరగబెట్టిందో డాక్టరు తేలుస్తారు. కనబడకపోతే జ్వరానికి కారణం వేరే వెతకాలి. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు, ఫాల్సిపారంతో ఆటలొద్దు. మొదటి రోజు కార్డు నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చేయించాలి, పరాన్నజీవులు మరీ తక్కువుంటే కార్డుకి అందవు.

ప్రశ్న: ఫైలేరియా కిట్టు ఆన్‌లైన్లో కొని ఇంట్లో చేసుకోవచ్చా? — అమలాపురం

జవాబు: వద్దు. రోహిణి కార్తెలో ఆ పెట్టె ఏ వ్యాన్లో ఎన్నాళ్లు ఉడికి పాడైందో మీకు తెలియదు.

ప్రశ్న: నేను ఐస్ ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా నైట్ వాచ్‌మన్‌ని. వృషణాలు వాస్తున్నాయి, వరిబీజం అంటున్నారు. రాత్రి పదింటికి రక్తం ఇవ్వమన్నారు, ఆ టైముకి డ్యూటీలో ఉంటాను. పగలు ఇస్తే పనికిరాదా?

జవాబు: బాబూ, ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. పిల్ల పురుగులు చూసేది గోడ గడియారాన్ని కాదు, నీ నిద్రని. పగలు నిద్ర, రాత్రి మెలకువ వరసగా అలవాటైన మనిషిలో వాటి వేళ కూడా తారుమారవుతుందని పందొమ్మిదో శతాబ్దంలోనే చూశారు. కాబట్టి నీకు రాత్రి పదింటికి తీసిన రక్తంలో ఏమీ కనబడకపోతే దాన్ని నమ్మక్కర్లేదు. నువ్వు నైట్ డ్యూటీ అన్న సంగతి ల్యాబులో ముందే చెప్పు, పగలు నువ్వు గాఢంగా నిద్రపోయే వేళకి తీయించుకో, లేపి తీసినా ఫరవాలేదు. యాంటిజెన్ స్ట్రిప్‌కైతే వేళతో పనిలేదు, అది ముందు చేయించు. వాపు ఉన్నచోట స్కానింగ్ తీస్తే బతికున్న పెద్ద పురుగులు కదులుతూ కనబడతాయి ఒక్కోసారి. ఇవన్నీ నెగెటివ్ వచ్చినా సర్జన్‌కి చూపించడం మానొద్దు, వరిబీజానికి ఆపరేషన్‌తో నయమవుతుంది. సిగ్గుపడి ఏళ్లు లాగకు. వెళ్లేటప్పుడు ఆ వారం డ్యూటీ షీటు కూడా పట్టుకెళ్లు, నిద్ర వేళలు వాళ్లే చూసుకుని టైము చెబుతారు.